ముందు ల్యాబ్ నోట్‌బుక్ తెరవండి: బయోమెడికల్ పీహెచ్‌డీ అప్లికేషన్, నా అనుభవం

పీహెచ్‌డీకి అప్లై చేద్దామనుకోగానే అందరం చేసే మొదటి పని యూనివర్సిటీల జాబితా వేయడం. ఎక్సెల్ షీట్‌లో ముప్పై పేర్లు, పక్కన ఆఖరు తేదీలు, గడికో రంగు. పని జరుగుతున్నట్టే ఉంటుంది, జరగదు. గుంటూరులో ఎమ్మెస్సీ తర్వాత రెండేళ్లు ఒక ప్రాజెక్టులో చేసి, ఒకే ఏడాది ఇక్కడి సంస్థలకీ అమెరికా ప్రోగ్రాములకీ అప్లై చేశాను. ముందు తెరవాల్సింది ల్యాబ్ నోట్‌బుక్ అని ఆ షీట్‌తో నెల గడిచాక గానీ అర్థం కాలేదు. సీవీ, ఎస్‌ఓపీ (ఏం చేశాం, ఏం చేయాలనుకుంటున్నాం అని రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్), సిఫార్సు లేఖలు, ఇంటర్వ్యూ అన్నీ అందులోంచే రావాలి. అందులో లేనిది ఎంత బాగా రాసినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిరగేస్తూ ఒక కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో మీ చేత్తో మొదలు నుంచి చివరి దాకా చేసినవి. రెండో గడిలో పక్కన నిలబడి చూసినవి, వేరేవాళ్లు చేసిపెడితే ఫలితం మాత్రం వాడుకున్నవి. మూడో గడిలో చేసి పాడైనవి, ఎందుకు పాడయ్యాయో. సీవీలో ‘టెక్నిక్స్’ కింద మొదటి గడి మాత్రమే వెళ్లాలి. కాన్ఫోకల్ మైక్రోస్కోపు బొమ్మలు హైదరాబాద్‌లో ఇంకో ల్యాబ్ వాళ్లు తీసి పంపితే అది మీ టెక్నిక్ కాదు. శాంపిల్ ఫిక్స్ చేసి, స్టెయిన్ చేసి పంపింది మీరైతే ఆ మాట రాయండి, అదీ విలువైన పనే. ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని లేజర్ ముందు ఒక్కొక్కటిగా పంపి కొలవడం) అని రాసుకుని, కాంపెన్సేషన్ (ఒక రంగు వెలుగు ఇంకో రంగులో కలవడాన్ని సరిదిద్దడం) ఎందుకు చేస్తారని అడిగితే తెల్లమొహం వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మూడో గడి ఎంత నిండితే అంత మంచిది. ఎస్‌ఓపీకి అసలు సరుకు అక్కడే ఉంటుంది.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. మన దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో చాలావాటిది ఒకటే మూస. ఆకులు ఎండబెట్టడం, మెథనాల్‌లో ఎక్స్‌ట్రాక్ట్ తీయడం, క్యాన్సర్ కణాల మీద ఎంటీటీ అనే రంగు పరీక్ష చేయడం, ఐసీ 50 (రీడింగ్ సగానికి తగ్గే డోసు) రాయడం. గుంటూరు అయితే ఆకు బదులు మిరపకాయ, దాని ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్. ఇలాంటి ప్రాజెక్టు చేశామని సిగ్గుపడక్కర్లేదు. కానీ ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లకి ఇది కొట్టినపిండి, ఎక్కడ నొక్కాలో వాళ్లకి తెలుసు.

మొదటి ప్రశ్న: ఎంటీటీ దేన్ని కొలుస్తుంది? ‘కణాలు చావడాన్ని’ అంటే అక్కడే సగం మార్కులు పోయాయి. బతికున్న కణాల్లోని ఎంజైములు పసుపు రంగు టెట్రజోలియంని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి. దాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం. అంటే కొలిచేది కణాల జీవక్రియని. కణం చచ్చిపోయినా, చావకుండా విభజన ఆపేసినా రీడింగ్ తగ్గుతుంది. తేడా తెలియాలంటే చచ్చిన కణాల్ని గుర్తుపట్టే ట్రిపాన్ బ్లూ, అనెక్సిన్ లాంటి ఇంకో పరీక్ష కావాలి. రెండోది: కణాలు లేని వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంటలో) ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ మాత్రమే కలిపి చూశారా? ఆకు రసాల్లోని పాలీఫినాల్స్ కణాలతో పని లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చగలవు. అప్పుడు కణాలు చచ్చినా బతికున్నట్టే రీడింగ్ వస్తుంది. ఎక్కువ డోసు దగ్గర గ్రాఫ్ మళ్లీ పైకి లేచిందంటే ముందు ఇదే అనుమానించాలి.

మూడోది డీఎంఎస్‌ఓ శాతం. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు కాబట్టి డీఎంఎస్‌ఓలో స్టాక్ (తర్వాత పలచన చేసే గాఢ ద్రావణం) చేస్తాం. చివరికి కణాల మీద 100 మైక్రోమోలార్ ఉండాలి, డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకూడదు అనుకుంటే స్టాక్ 100 మిల్లీమోలార్ ఉండాలి. అణుభారం 305.4 కాబట్టి మిల్లీలీటరుకు 30.5 మిల్లీగ్రాములు. 10 మిల్లీమోలార్ స్టాక్ నుంచి అదే డోసు ఇస్తే డీఎంఎస్‌ఓ 1 శాతానికి వెళ్తుంది, కణాల్ని దెబ్బతీసింది మిరపకాయో డీఎంఎస్‌ఓనో తేలదు. అంతే డీఎంఎస్‌ఓ పోసిన కంట్రోల్ వెల్ ఉందా లేదా అన్నది వెంటనే అడుగుతారు. నాలుగోది ఎన్ (ప్రయోగాన్ని విడివిడిగా ఎన్నిసార్లు చేశారు) ఎంత అని. ఒకే ప్లేటులో మూడు వెల్స్ అంటే అవి టెక్నికల్ రెప్లికేట్లు. వేరే వేరే రోజుల్లో, వేరే పాసేజ్ (కొత్త పాత్రలోకి మార్చి పెంచిన విడత) కణాలతో మూడుసార్లు చేస్తేనే ఎన్ మూడు. ఎర్రర్ బార్లు దేని మీద వేశారో చెప్పలేకపోతే ఆ గ్రాఫ్ చూపించకపోవడమే నయం.

ఇవన్నీ దాటాక అడిగే ప్రశ్న వేరు: తర్వాత ఏం చేస్తారు? 1997లో డేవిడ్ జూలియస్ ల్యాబ్ క్యాప్సైసిన్‌ని పట్టుకునే గ్రాహకాన్ని, టీఆర్‌పీవీ 1ని, కనిపెట్టింది. 2021 నోబెల్‌లో ఆయన వాటా ఆ దారిలో వచ్చిందే. మరి మీ కణాల్లో టీఆర్‌పీవీ 1 ఉందా? దాన్ని అడ్డుకునే క్యాప్సజెపైన్ ముందు ఇస్తే ప్రభావం ఆగిందా? ఆగకపోతే క్యాప్సైసిన్ ఇంకో దారిలో పనిచేస్తోందన్నమాట. ఆ ప్రయోగం మీరు చేసి ఉండకపోవచ్చు. దాన్ని ఎలా చేస్తారో, ఏ ఫలితం వస్తే ఏమనుకోవాలో నాలుగు వాక్యాల్లో రాస్తే పాత మూస ప్రాజెక్టే పరిశోధన ప్రశ్నగా మారుతుంది. ఎస్‌ఓపీలో అందరూ వెతికేది ఆ నాలుగు వాక్యాలే.

ఆస్పత్రి శాంపిల్స్‌తో పనిచేసినవాళ్లకి ఇంకో చిక్కు ఉంటుంది. గుంటూరు, విజయవాడల్లో పెద్దాస్పత్రులు ఉన్నాయి కాబట్టి రోగుల సీరం మీద ఎలైజా (యాంటీబాడీలతో ప్రొటీన్లని కొలిచే పరీక్ష) చేసిన అనుభవం మనవాళ్లకి బాగానే దొరుకుతుంది. ‘వంద శాంపిల్స్ చేశాను’ అని రాస్తే అంకె తప్ప ఏమీ తెలియదు. సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, సమ్మతి పత్రం ఏ భాషలో తీసుకున్నారు, ఎవర్ని చేర్చుకున్నారు, ఎవర్ని వదిలేశారు, రక్తం తీసిన ఎన్ని గంటలకి సీరం వేరు చేశారు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాక ఎన్నిసార్లు కరిగించారు? ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 ఎథిక్స్ మార్గదర్శకాలు ఒకసారి చదివి వెళ్లండి. హీమోలైజ్ అయిన (ఎర్ర రక్తకణాలు పగిలిన) శాంపిల్‌లో పొటాషియం, ఎల్‌డీహెచ్ అనే ఎంజైము తప్పుగా ఎక్కువ చూపిస్తాయి. అలాంటివి ఎన్ని పక్కన పెట్టారన్న లెక్క మీ నోట్‌బుక్‌లో ఉంటే అది మీకు ప్లస్. మే నెలలో కరెంటు పోయి ఫ్రీజర్ ఉష్ణోగ్రత పైకి పాకిన రోజు లాగ్‌లో ఉంటే దాన్ని దాచకండి. ఆ శాంపిల్స్‌ని ఏం చేశారో చెప్పండి.

ఎస్‌ఓపీ ఒకటి, రెండు పేజీలకి మించదు. ‘చిన్నప్పటి నుంచి సైన్సంటే ప్రాణం’ అనే మొదటి పేరా కొట్టేయండి. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రేరణ కూడా అంతే. భీమవరంలో పుట్టినాయన మీద మనకి గర్వం ఉండాల్సిందే. కానీ మీరు ఎప్పుడైనా ఫిస్క్–సుబ్బారావు పద్ధతిలో ఫాస్ఫేట్ కొలిచి ఉంటే, ఆ మాట ఆయన పేరు తలుచుకోవడం కంటే ఎక్కువ చెబుతుంది. నాకు పనికొచ్చిన వరస ఇది: మీ ప్రశ్న ఏమిటి, మీరు ఏం చేశారు, ఏం పాడైంది, దాన్ని ఎలా పట్టుకున్నారు, చివరికి ఏం తేలింది, ఇంకా ఏం తేలలేదు. ఆ తర్వాతే, ఆ తేలని సంగతికి ఆ సంస్థలో ఏ ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తల పని దగ్గరగా ఉంది అన్నది. పేర్లు మార్చి అదే పేరా ఎనిమిది చోట్లకి పంపితే చదివేవాళ్లకి తెలిసిపోతుంది. ఇంకా ప్రచురించని ఫలితాలు రాసేముందు మీ గైడ్‌ని అడగండి. అంకెలు వద్దంటే దిశ మాత్రం రాయండి.

సిఫార్సు లేఖలు సాధారణంగా మూడు కావాలి. మన దగ్గర జరిగేది అందరికీ తెలుసు: ‘నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను.’ ఇందులో ఇబ్బంది నీతి ఒక్కటే కాదు. మూడు లేఖలూ, ఎస్‌ఓపీ ఒకే చేతి రాత అని చదివేవాళ్లు ఇట్టే పసిగడతారు. అలా అన్నప్పుడు లేఖ రాసివ్వకుండా ఒక పేజీ పాయింట్లు ఇవ్వండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ల్యాబ్‌లో ఉన్నారు, ఏ ప్రయోగం మీరు నిలబెట్టారు, ఏ సమస్యని మీరు పరిష్కరించారు, ఎవరికి నేర్పారు. ‘సార్, ఈ సంగతులు మీకు గుర్తుండేలా రాసిచ్చాను, మిగతాది మీ మాటల్లో రాయండి’ అంటే చాలామంది రాస్తారు. రోజూ మీ పని చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ రాసిన లేఖ, మిమ్మల్ని రెండుసార్లు చూసిన ప్రిన్సిపాల్ లేఖ కంటే బరువైనది. అమెరికా పోర్టళ్లు లింకు నేరుగా వాళ్ల మెయిల్‌కి పంపుతాయి. అది స్పామ్‌లో పడుతుంది. కాలేజీ మెయిల్ ఐడీ ఉంటే అదే ఇవ్వండి, జీమెయిల్ అయితే కొన్నిచోట్ల మళ్లీ ధ్రువీకరణ అడుగుతారు. ఆరు వారాల ముందు అడగడం, రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి గుర్తు చేయడం. అంతకంటే ఎక్కువైతే విసుక్కుంటారు, తక్కువైతే మర్చిపోతారు.

ఇక్కడి దారి గురించి ముందు ఒక అయోమయం తీర్చాలి. ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) వేరు, నెట్ అనే జాతీయ అర్హత పరీక్షతో వచ్చే జేఆర్‌ఎఫ్ వేరు. మొదటిది ఒక ప్రాజెక్టులో ఉద్యోగం, ప్రాజెక్టు అయిపోతే అదీ అయిపోతుంది, పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ దానితో పాటు రాదు. రెండోది మీ పేరు మీద వచ్చే ఫెలోషిప్. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42,000, పైన ఇంటద్దె భత్యం. సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకి. పార్ట్ ఏలో 20 ప్రశ్నలకి 15, బీలో 50కి 35, సీలో 75కి 25 రాయాలి. సీలో ఒక్కో ప్రశ్నకి 4 మార్కులు, తప్పుకి పావు వంతు కోత. ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకి పార్ట్ సీలోనే లాభం, ఎందుకంటే అక్కడ ఎక్కువగా ప్రయోగం ఇచ్చి ఫలితం అడుగుతారు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ల్యాబ్‌లో ఉండగానే రాసి పెట్టుకోవడం మంచిది. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) వాళ్ల బెట్, టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్ల జేజీబిల్స్ పరీక్షలు వేరే దారులు. ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు ఉంటే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ చూడండి. 2024 జూన్ నుంచి నెట్‌లో జేఆర్‌ఎఫ్ రాకపోయినా ‘పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే’ అర్హత వస్తోంది. ఆ స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం లెక్క, చెల్లుబాటు ఏడాదే. రాష్ట్ర యూనివర్సిటీలకి ఏపీఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఎమ్మెస్సీలో 55 శాతం కనీసం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 5 శాతం సడలింపు.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించి పీహెచ్‌డీ విద్యార్థులు ఉండకూడదు. మీకు నచ్చిన గైడ్ దగ్గర ఖాళీ ఉందో లేదో అప్లై చేసే ముందే కనుక్కోండి. ఈ ఒక్క ప్రశ్న అడక్క ఏడాది పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

అమెరికా వైపు ఎక్కువ ఆఖరు తేదీలు డిసెంబరు మొదటి రెండు వారాల్లో ఉంటాయి, ఇంటర్వ్యూలు జనవరి, ఫిబ్రవరిల్లో, జవాబు చెప్పాల్సింది సాధారణంగా ఏప్రిల్ 15లోపు. చాలా బయోమెడికల్ ప్రోగ్రాములు జీఆర్‌ఈ తీసేశాయి. టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ మాత్రం కావాలి, రెండేళ్లు చెల్లుతుంది. ముందే తెలుసుకోవాల్సింది డబ్బు సంగతి. అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ట్రైనింగ్ గ్రాంట్లు అక్కడి పౌరులకీ, శాశ్వత నివాసులకీ మాత్రమే. అందుకే కొన్ని ప్రోగ్రాములు విదేశీ విద్యార్థుల్ని వేళ్ల మీద లెక్కపెట్టేంత మందినే తీసుకుంటాయి. 2025లో నిధుల కోతతో కొన్నిచోట్ల సీట్లు ఇంకా తగ్గాయి. ఒక్కో అప్లికేషన్‌కి 75 నుంచి 100 డాలర్ల దాకా కట్టేముందు ఆ ప్రోగ్రాములో ఇప్పుడు విదేశీ విద్యార్థులు ఎంతమంది ఉన్నారో వెబ్‌సైట్లో చూడండి, లేకపోతే మెయిల్ చేసి అడగండి. ఫీజు మాఫీ కూడా అడగవచ్చు, కొన్ని ప్రోగ్రాములు ఇస్తాయి. యూరప్‌లో చాలా పీహెచ్‌డీలు ఉద్యోగ ప్రకటనలా వస్తాయి. రెండు పేజీల సీవీ, ఒక ఉత్తరం, అంతే. మనకి ఎమ్మెస్సీ ఉంది కాబట్టి అర్హత ఇబ్బంది పెద్దగా రాదు.

గడువు ‘డిసెంబరు 1 రాత్రి 11:59 ఈస్టర్న్’ (అమెరికా తూర్పు తీరం టైము) అంటే మనకి డిసెంబరు 2 ఉదయం 10:29. పసిఫిక్ (పడమటి తీరం) అయితే మధ్యాహ్నం 1:29. అంత సమయం ఉందని నమ్ముకుని ఉదయం ఫీజు కడదామనుకుంటే కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండవు, ఓటీపీ రాదు. కార్డుతో ముందు వారమే ఏదో చిన్న మొత్తం కట్టి చూడండి.

కాగితాల్లో అన్నిటికంటే విసిగించేది మన పేర్లు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇంటిపేరు ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో అమెరికా వీసా తీసుకుంటే మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (‘మొదటి పేరు తెలియదు’) అని పడుతుంది. తర్వాత బ్యాంకులో, లైసెన్సులో అదే పేరుతో తిరగాలి. అప్లై చేసే ఏడాదికి ముందే పాస్‌పోర్టు సరిచేయించుకుని, టోఫెల్ అదే పేరుతో రాయండి. మార్కులు శాతంలో ఉంటే శాతంలోనే వేయండి, అడగందే జీపీఏగా మార్చకండి. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడూ స్కాన్ చేసి పెట్టుకోండి. కొందరు సీఎంఎం చాలంటారు, కొందరు సెమిస్టరు వారీ ట్రాన్స్‌క్రిప్ట్ సీలు కవర్లో కావాలంటారు. దాని కోసం యూనివర్సిటీ పరీక్షల విభాగానికి రెండు మూడుసార్లు తిరగడం ఖాయం. చలానా రసీదు నకలు, దరఖాస్తు ఇన్‌వర్డ్ నంబరు చేతిలో ఉంటే తిరగడం తగ్గుతుంది. ఎన్ని కవర్లు కావాలో ఒకేసారి లెక్కేసి, రెండు ఎక్కువ తీసుకోండి.

హైదరాబాద్ ఇంటర్వ్యూకి రిపోర్టింగ్ ఉదయం తొమ్మిదికి అంటే ముందు రోజే వెళ్లిపోవాలి. విజయవాడలో పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హైదరాబాద్ చేరేసరికి మధ్యాహ్నం కావస్తుంది. అక్కణ్నుంచి హబ్సిగూడ సీసీఎంబీకో ఉప్పల్ సీడీఎఫ్‌డీకో (రెండూ జీవశాస్త్ర పరిశోధన సంస్థలు) ఇంకో ప్రయాణం. గదిలో నలుగురైదుగురు ఉంటారు, బోర్డు, మార్కర్ ఉంటాయి. ‘నీకు ఇష్టమైన సబ్జెక్టు ఏది’ అని మొదలుపెడతారు. ఇమ్యునాలజీ అంటే గంట సేపు ఇమ్యునాలజీయే. బాగా వచ్చినది చెప్పండి, గొప్పగా వినిపించేది కాదు. ఆ తర్వాత మీ పని ఐదు నిమిషాల్లో బోర్డు మీద. స్లైడ్లు ఉండవనుకుని సాధన చేయండి.

ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లని రోజూ చేసే పనుల మీదే పట్టుకుంటారు. ఒక లీటరు ఒక మోలార్ ట్రిస్ (బఫర్లలో వాడే రసాయనం)కి ఎంత తూయాలి అంటే 121.14 గ్రాములు. ప్రొటీన్లని వేరుచేసే జెల్‌లో స్టాకింగ్ భాగం పీహెచ్ 6.8, రిజాల్వింగ్ భాగం 8.8 ఎందుకు అంటే గ్లైసిన్ విద్యుదావేశం 6.8 దగ్గర దాదాపు సున్నా కావడం గురించి చెప్పాలి. రియల్‌టైమ్ పీసీఆర్‌లో రెండు శాంపిల్స్‌కి సీటీ (సిగ్నల్ కనిపించే సైకిల్ నంబరు) తేడా మూడు అంటే ఎన్ని రెట్లు? వంద శాతం సామర్థ్యం ఉంటే ఎనిమిది. మరి స్టాండర్డ్ కర్వ్ వాలు ఎంత ఉండాలి? మైనస్ 3.32 దగ్గర. ఎంఐసీకి (బ్యాక్టీరియా పెరుగుదలని ఆపే కనీస మందు మోతాదుకి) 128 నుంచి 0.25 మైక్రోగ్రాముల దాకా రెట్టింపు డైల్యూషన్‌లో ఎన్ని గొట్టాలు? పది, కంట్రోళ్లు కాక. కిట్‌లో ఇచ్చిన బఫర్ వాడాను, అందులో ఏముందో తెలియదు అన్న జవాబు మాత్రం బాగా దెబ్బ కొడుతుంది. ల్యాబ్ వదిలేలోపు మీరు వాడిన ప్రతి కిట్‌లోనూ ఏ బఫర్ ఏం చేస్తుందో ఒక పేజీ రాసుకోండి. తెలియనిది వస్తే ‘తెలియదు సార్, కానీ ఇలా కనుక్కుంటాను’ అనండి. ఊహించి చెబితే ఆ ఊహ వెంటే తరుముతారు.

అమెరికా ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లో అయితే ఈస్టర్న్ టైములో వాళ్ల ఉదయం తొమ్మిది మనకి రాత్రి ఏడున్నర. అర్ధగంట చొప్పున నలుగురైదుగురితో అయ్యేసరికి రాత్రి పది కావస్తుంది. ఇన్వర్టర్ మీద రౌటర్ కూడా ఉందో లేదో చూసుకోండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి. వాళ్లు ప్రశ్నలు మెత్తగా అడుగుతారు. మాట్లాడేదంతా మీరేనని సంబరపడితే ఇబ్బంది, వాళ్ల పని గురించి మీరు అడిగే ప్రశ్నని కూడా చూస్తారు. ప్రతి ఒక్కరివీ ఇటీవలి రెండు పేపర్లు చదివి, ఒక్కో పేపర్‌లో మీకు అర్థం కాని ఒక బొమ్మ గుర్తుపెట్టుకుంటే చాలు.

సీటు వచ్చాక ల్యాబ్ నుంచి రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం తీసుకోవాలి. అందులో తేదీలు, హోదా, ప్రాజెక్టు పేరు, నిధులిచ్చిన సంస్థ ఉండాలి. ‘గుడ్ క్యారెక్టర్’ అని రెండు లైన్ల కాగితం ఎందుకూ పనికిరాదు. టీసీ, మైగ్రేషన్ కూడా అప్పుడే. నోట్‌బుక్ ల్యాబ్‌దే, వదిలేసి రావాలి. కావాల్సిన పేజీలకి గైడ్ అనుమతితో నకళ్లు తీసుకోండి. మైనస్ 80లో మీ డబ్బాలన్నిటికీ గళ్ల మ్యాపు గీసి, ఏ గడిలో ఏ స్టాక్, ఏ తేదీ, ఎన్నో పాసేజ్ అని రాసి ఫ్రీజర్ తలుపు మీద ఒకటి, గైడ్ మెయిల్‌కి ఒకటి పెట్టండి. ప్రతి గ్లిజరాల్ స్టాక్‌కి (గ్లిజరాల్‌లో గడ్డకట్టించి దాచిన బ్యాక్టీరియాకి) రెండు గొట్టాలు, రెండూ వేరే వేరే ర్యాకుల్లో. స్కెచ్ పెన్నుతో రాసినవి చెరిగిపోతాయి, లేబుల్ మీద రాసి పైన టేపు వేయండి.